మళ్ళీ వచ్చావా అమ్మా?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 21 నుండి 43 వచనములు

మీ పనులు కాసేపు ప్రక్కన పెట్టి, ఈ కొద్ది నిమిషాలు దేవుని వాక్యము దగ్గర కూర్చోవలసిందిగా కోరుచున్నాను. బైబిలు దగ్గర ఉన్నవారు మార్కు సువార్త ఐదవ అధ్యాయము తెరచి పెట్టుకోండి.

ఈ దినము కొందరు మనుష్యులను గూర్చి ధ్యానము చేద్దాము. వారు మీ ఊరిలో ఉన్నారు. మీ సంఘములో ఉన్నారు. బహుశా మీ ఇంటిలోనే ఉన్నారు. ఎవరు వారు? ఆసుపత్రికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు. మొన్న వెళ్ళారు, నిన్న వెళ్ళారు, ఈ రోజు కూడా ఓపీ చీటీ పట్టుకొని వరండాలో కూర్చున్నారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, ఆ కవరులో పాత చీటీలు, సగం వాడిన మాత్రల అట్టలు, రెండు మూడు ఎక్సరేలు. నర్సమ్మ దూరమునుండే చూసి, "మళ్ళీ వచ్చావా అమ్మా?" అంటుంది. ప్రక్కన కూర్చున్నవారు నవ్వుతారు. ఆమె కూడా నవ్వినట్టే ఉంటుంది గాని, తల వంచుకుంటుంది.

"ఏమిటమ్మా ఈసారి?"

"ఒళ్ళంతా నొప్పులు నర్సమ్మా. కాళ్ళు పీకుతున్నాయి. తల దిమ్ముగా ఉంటుంది. నిద్ర పట్టదు. ఒక సూదెయ్యమ్మా, తగ్గుద్ది."

ఇలాంటి మాటలు మన ప్రాంతములో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనైనా వినబడతాయి. ప్రియులారా, ఆ తల్లి ఎందుకు మళ్ళీ వచ్చింది అని మనము ఎప్పుడైనా ఆగి ఆలోచించామా?

ముందుగా ఒక మాట చెప్పాలి. నేను డాక్టర్లను గాని, నర్సులను గాని నిందించడానికి ఈ మాటలు చెప్పడము లేదు. మన దేశములో మైదాన ప్రాంతములో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, కొండ ప్రాంతములో, గిరిజన ప్రాంతములో 20,000 మందికి ఒకటి ఉండాలని నియమము. ఒక పెద్ద మండలములో ఎన్ని ఊళ్ళున్నాయో, ఆ కేంద్రములో ఎంతమంది డాక్టర్లున్నారో మీకే తెలుసు. 2017వ సంవత్సరములో 67 దేశాల లెక్కలు కూర్చి చూసిన ఒక పరిశీలన ప్రచురింపబడింది. ఒక్కొక్క రోగితో డాక్టరు గడిపే సమయము స్వీడన్ దేశములో సగటున ఇరవై రెండు నిమిషాలకు పైగా ఉంటే, మన దేశములో సుమారు రెండు నిమిషాలే అని అందులో తేలింది. రెండు నిమిషాలలో ఏమి చెప్పగలము? పేరు, వయస్సు, నొప్పి ఎక్కడ. అంతే. ఆ నొప్పి వెనుక ఉన్న కథ మొదలయ్యే లోపే తరువాతి పేరు పిలుస్తారు. అది డాక్టరు మనస్సులోని లోపము కాదు, వెలుపల వరుసలో నిలబడిన జనము ఒత్తిడి.

ఇది మన దేశములోని సంగతి మాత్రమే కాదు. డాక్టర్లు ఎక్కువగా ఉన్న ఐరోపా దేశాలలో కూడా దీనిని ఎన్నో సంవత్సరాలుగా పరిశీలించారు. ఒక డాక్టరు దగ్గరకు వచ్చేవారిలో పదిమందికి ఒక్కరు చాలా తరచుగా వస్తుంటారట. ఆ ఒక్క వంతు మనుష్యులే మొత్తం సందర్శనలలో మూడో వంతు నుండి సగము వరకు ఉంటారని లెక్కలు చెబుతున్నాయి. మరి వారందరూ నటించేవారా? కాదు. ఆ పరిశీలనలు ఏమి చెబుతున్నాయంటే, వారిలో దీర్ఘకాల రోగములు ఎక్కువ, మనోవేదన ఎక్కువ, ఒంటరితనము ఎక్కువ, బీదరికము ఎక్కువ. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఒక సంవత్సరము అలా తరచుగా వచ్చినవారిలో ఎక్కువమంది ఆ తరువాతి సంవత్సరాలలో అలా రారు. అంటే ఏమిటి? "ఈమె స్వభావమే ఇంత" అని మనము ముద్ర వేస్తాము గాని, చాలాసార్లు అది ఆమె స్వభావము కాదు, ఆమె జీవితములో నడుస్తున్న ఒక గడ్డుకాలము. భర్త చనిపోయిన సంవత్సరము కావచ్చు. కొడుకు ఇల్లు విడిచిన సంవత్సరము కావచ్చు. పంట పోయి అప్పులవాళ్ళు గుమ్మములో నిలబడిన సంవత్సరము కావచ్చు.

మళ్ళీ మళ్ళీ వచ్చేవారిని మూడు రకాలుగా చూడవచ్చును.

మొదటి రకము, రావలసినవారు. రక్తపోటు, మధుమేహము, మూర్ఛ, క్షయ ఉన్నవారు మాత్రల కోసము నెలనెలా రావలసినదే. వారు వస్తున్నారంటే అది బలహీనత కాదు, క్రమశిక్షణ. వారు రాకపోతేనే మనము భయపడాలి.

రెండవ రకము, రోగము ఉండి కూడా అది ఇంకా బయటపడనివారు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. ముట్లు ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తము కనబడితే ఆలస్యము చేయకూడదు. కారణము లేకుండా బరువు తగ్గితే, రొమ్ములో గడ్డ తగిలితే, నోటిలో పుండు మానకపోతే తప్పనిసరిగా చూపించాలి. రక్తహీనత సంగతి చెప్పనక్కరలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోను స్త్రీలలో సగముకంటే ఎక్కువమందికి రక్తము తక్కువగా ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. "నీరసము, నీరసము" అని పదిసార్లు వచ్చిన తల్లిని చూచి నవ్వితే, ఆ పదోసారి కూడా ఆమె నిజమే చెప్పియుండవచ్చు.

మూడవ రకము, దుఃఖము శరీరములోనుండి మాటలాడేవారు. పరీక్షలలో ఏమీ కనబడదు. అయినా నొప్పి అబద్ధము కాదు. మన ఆడవారు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. చెప్పుకునే అలవాటు మన ఇళ్ళలో లేదు. "నడుము లాగేస్తుంది, కాళ్ళు మంటలు, తెల్లబట్ట అవుతుంది, నీరసము" అంటారు. గోవాలో జరిగిన పరిశోధనలలో ఇలాంటి ఫిర్యాదులతో వచ్చిన స్త్రీలలో చాలామందికి లోపల దిగులు, ఆందోళన ఉన్నాయని, ఇంటిలోని బాధలతో వాటికి సంబంధము ఉందని తేలింది. మగవారైతే గుండె దడ అంటారు, గ్యాసు అంటారు, కడుపులో మంట అంటారు. నోరు చెప్పలేనిది ఒళ్ళు చెబుతుంది, ప్రియులారా.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. మార్కు ఐదవ అధ్యాయములో పన్నెండు సంవత్సరాలు రక్తస్రావముతో బాధపడిన ఒక స్త్రీ కనబడుతుంది. ఆమె పేరు మనకు తెలియదు. కాని ఆమె వైద్య చరిత్ర అంతా మార్కు వ్రాసిపెట్టాడు. ఆమె ఎందరో వైద్యుల దగ్గరకు వెళ్ళింది. వారి చేతులలో ఎన్నో తిప్పలు పడింది. తనకున్నదంతా ఖర్చుపెట్టింది. చివరకు మేలు లేదు సరికదా, రోగము ఇంకా ముదిరింది. దేవుని బిడ్డలారా, ఈమె ఎవరు? ఆ దినాలలోని మన ప్లాస్టిక్ కవరు తల్లి. మళ్ళీ మళ్ళీ వెళ్ళిన రోగి.

ఇదే సంగతిని లూకా కూడా వ్రాశాడు. లూకా వైద్యుడని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు చెబుతున్నాడు. వైద్యుడైన లూకా ఆమెను ఎవరూ బాగుచేయలేకపోయారని మాత్రము చెప్పి ఊరకున్నాడు. మార్కు మాత్రము ఆమె పడిన తిప్పలు కూడా చెప్పాడు. మార్కు ఆమె రోగమునకు గ్రీకు భాషలో వాడిన మాట "మాస్టిక్స్". ఆ మాటకు అసలు అర్థము కొరడా. పన్నెండు సంవత్సరాలు ప్రతిదినము వీపుమీద పడిన కొరడా దెబ్బ. రోగము ఒక దెబ్బ, ఖర్చు ఒక దెబ్బ, లోకుల మాట ఇంకొక దెబ్బ. లేవీయకాండము పదిహేనవ అధ్యాయము ప్రకారము ఆమె అపవిత్రురాలు, ఆమె కూర్చున్న చాప కూడా అపవిత్రము. ఎవరి పెళ్ళికి వెళ్ళగలదు? ఎవరి బిడ్డను ఎత్తుకోగలదు? అందుకే ఆమె ముందునుండి రాలేదు. వెనుకనుండి వచ్చింది. ఎవరికీ తెలియకుండా వస్త్రము ముట్టి వెళ్ళిపోదామనుకుంది.

యేసు ప్రభువు ఏమి చేశాడు? మూడు సంగతులు గమనించండి.

మొదటిది, ఆయన ఆగాడు.

ఆయన ఎక్కడికి వెళ్తున్నాడు? సమాజమందిరపు అధికారియైన యాయీరు ఇంటికి. అతని కుమార్తె, పన్నెండేండ్ల పిల్ల, చావు బ్రతుకుల మధ్య ఉంది. మన మాటలలో చెప్పాలంటే అది అత్యవసరమైన కేసు. 108 వచ్చి నిలబడిన కేసు. అలాంటి సమయములో పన్నెండు సంవత్సరాల పాత రోగము కొరకు ఎవరైనా ఆగుతారా? మనమైతే, "అమ్మా, నీది పాతదే కదా, రేపు రా" అంటాము. శిష్యులకు కూడా అర్థము కాలేదు. ఇంత జనము తోసుకుంటుంటే ఎవరు ముట్టారని అడుగుతావేమిటి అన్నట్టు మాటలాడారు. అయినా ఆయన ఆగాడు. ఆ పిల్ల పుట్టిన సంవత్సరములోనే ఈ స్త్రీకి రోగము మొదలైంది. పిల్ల వయస్సు పన్నెండు, ఈమె బాధ వయస్సు పన్నెండు. ప్రభువు దృష్టిలో ఒకటి ముఖ్యము, ఇంకొకటి అనవసరము కాదు. యాయీరు కుమార్తెకు కూడా ఆయన అన్యాయము చేయలేదు. ఆ ఇంటికి వెళ్ళాడు, ఆ పిల్లను లేపాడు.

రెండవది, ఆయన విన్నాడు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఆమె వస్త్రము ముట్టిన క్షణములోనే రోగము పోయింది. ఆమె శరీరములో ఆమెకు తెలిసింది. వైద్యము అయిపోయింది. మరి ఇంకా ఎందుకు ఆగాడు ప్రభువు? ఎందుకు వెదకాడు? వచ్చిన మనిషి శరీరము బాగుపడింది గాని, పన్నెండు సంవత్సరాల కథ ఇంకా లోపలే ఉంది. ఆమె వణకుచు వచ్చి ఆయన ముందు సాగిలపడి, జరిగినదంతా దాచకుండా చెప్పింది. పన్నెండేండ్ల సంగతి రెండు నిమిషాలలో అవుతుందా? ప్రక్కన యాయీరు నిలబడి ఉన్నాడు, జనము తోసుకుంటున్నారు, అయినా దేవుని కుమారుడు ఆ కథ ముగిసేవరకు విన్నాడు.

1957లో లండనులో పనిచేసిన మైకేల్ బాలింట్ అనే వైద్యుడు ఒక పుస్తకము వ్రాశాడు. డాక్టర్లు వాడే మందులలో అన్నిటికంటే ఎక్కువగా వాడబడే మందు డాక్టరే అన్నది అతని ఆలోచన. డాక్టరు ఎలా చూస్తాడు, ఎలా వింటాడు అనేది కూడా ఒక వైద్యమే అన్నమాట. పెద్ద చదువులు చదివినవారు ఎంతో పరిశోధించి చేరిన ఆ సత్యమును గలిలయ దారిలో ఆ స్త్రీ అనుభవించింది.

మూడవది, ఆయన ఆమెను నలుగురిలో నిలబెట్టాడు.

వెనుకనుండి వచ్చినదానిని ముందుకు పిలిచాడు. సిగ్గుపరచడానికి కాదు. ఊరంతా అపవిత్రురాలు అన్న మనిషిని ఊరందరి ముందు కుమార్తె అని పిలిచాడు. సువార్తలలో యేసు ప్రభువు అలా పిలిచిన స్త్రీ ఈమె ఒక్కతే. ఆమె విశ్వాసమును మెచ్చుకొని, సమాధానముతో ఇంటికి పంపాడు. ఆయన వాడిన మాట గ్రీకులో "సోజో". దానికి స్వస్థపరచుట అని అర్థము, రక్షించుట అని కూడా అర్థము. రోగము పోవడము ఒకటి, మనిషి మళ్ళీ మనుష్యుల మధ్యకు రావడము ఇంకొకటి. ప్రభువు రెండూ చేశాడు.

ప్రియులారా, ఇప్పుడు కొంచెము కఠినమైన మాట చెప్పాలి. ప్రేమతోనే చెబుతున్నాను.

ఈ వాక్యభాగమును ఆధారము చేసుకొని కొందరు బోధిస్తున్నారు. "వైద్యులవల్ల ఆమెకు ఏమి లాభము కలిగింది? మీరు కూడా మందులు పారవేయండి. మాత్ర మ్రింగితే విశ్వాసము లేనట్టే" అంటున్నారు. ఆ మాట నమ్మి రక్తపోటు మాత్రలు మానివేసినవారికి పక్షవాతము రావచ్చు. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్సు మరింత తీవ్రముగా వచ్చి ప్రాణము పోవచ్చు. క్షయ మందులు మధ్యలో మానితే రోగము మొండిదై, ఆ తరువాత మామూలు మందులకు లొంగదు, ఇంటిలోని పిల్లలకు కూడా అంటుకుంటుంది. ఇది విశ్వాసము కాదు. దేవుని పేరున ఒకరి ప్రాణముతో ఆడుకోవడము.

వాక్యము ఏమి చెబుతుంది? తిమోతిని చూడండి. అతడు సేవకుడు, పౌలుకు కుమారునివంటివాడు. అయినా అతనికి తరచుగా జబ్బు చేసేదని మొదటి తిమోతి పత్రిక ఐదవ అధ్యాయములో చదువుతాము. పౌలు అతనితో నీకు విశ్వాసము చాలలేదని చెప్పలేదు. కడుపు కొరకు ఏమి పుచ్చుకోవాలో చెప్పాడు. త్రోఫిము రోగియైనందున పౌలు అతనిని మిలేతులో విడిచి వచ్చాడు, నిందించలేదు. హిజ్కియా రాజు విషయములో ప్రార్థన వినిన దేవుడే అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. పౌలు తన ముల్లు గురించి మూడుసార్లు మొరపెట్టుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. తరచుగా రోగియైనవాడు తక్కువ విశ్వాసి అని చెప్పడానికి బైబిలులో చోటు లేదు.

మన సంఘముల చరిత్ర కూడా చూడండి. వేలూరు ఆసుపత్రిని 1900లో మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ గారు, గుంటూరులో స్త్రీల కొరకు ఆసుపత్రి కట్టిన అన్నా కూగ్లర్ గారు ప్రార్థన చేసేవారే, మందు ఇచ్చేవారే. మన తాతముత్తాతలలో చాలామంది సువార్తను మొట్టమొదట విన్నది ఆసుపత్రి వరండాలోనే. ప్రార్థన, మందు రెండు శత్రువులని వారు అనుకొనలేదు.

మరి సంఘముగా మనమేమి చేయగలము? మేము డాక్టర్లము కాము కదా అంటారేమో. జింబాబ్వే దేశములో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు ఉన్నాడు. కోటికి పైగా జనాభా ఉన్న ఆ దేశములో మనోవైద్యులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2006లో అతడు ఏమి చేశాడంటే, హరారే పట్టణములో పద్నాలుగు మంది అవ్వలకు తర్ఫీదు ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల ఆవరణలో చెట్టు క్రింద బల్లలు వేయించాడు. "స్నేహపు బల్ల" అని దానికి పేరు. మనస్సు బరువుగా ఉన్నవారు వచ్చి ఆ బల్లమీద అవ్వ ప్రక్కన కూర్చుంటారు. అవ్వ వింటుంది. ఉన్న సమస్యలలో ఒకదానిని తీసుకొని, దానికి ఏమి చేయవచ్చునో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. 2016లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు వైద్యము మాత్రమే పొందినవారికంటే ఆ బల్లమీద కూర్చున్నవారిలో ఆరు నెలల తరువాత దిగులు బాగా తగ్గినట్టు తేలింది.

మన దేశములోనే గోవాలో, డాక్టర్లు కాని మామూలు మనుష్యులకు తర్ఫీదు ఇచ్చి ఆరోగ్య కేంద్రములలో కూర్చోబెట్టారు. ప్రభుత్వ కేంద్రములలో వారి సహాయము పొందినవారు ఎక్కువగా కోలుకున్నారని 2010లో వెల్లడైంది. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే క్రైస్తవ వైద్య దంపతులు 1970లో పని ప్రారంభించారు. చదువురాని, తక్కువ కులమువారని లోకము త్రోసివేసిన పల్లెటూరి స్త్రీలను గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. 1979లో వారికి మెగసెసే అవార్డు వచ్చింది. చూశారా? దేవుడు పెద్ద పెద్ద యంత్రాలతో కాదు, ప్రక్కన కూర్చునే మనుష్యులతో గొప్ప పనులు చేయిస్తాడు.

మన సంఘములో అవ్వలు లేరా? స్త్రీల సమాజము లేదా? చర్చి ముందు వేపచెట్టు, దాని క్రింద ఒక బల్ల లేదా? ఈ నాలుగు పనులు మొదలుపెట్టండి.

ఒకటి, వినడము నేర్చుకోండి. ఎవరైనా నొప్పి అని చెప్పగానే "ప్రార్థన చేద్దాం, కళ్ళు మూసుకో" అని తొందరపడకండి. ముందు చెవి ఇవ్వండి, తరువాత ప్రార్థన చేయండి. విన్న సంగతి మీ దగ్గరే ఉండాలి. ప్రార్థన మనవి అనే పేరుతో ఒక ఇంటి గుట్టును నలుగురిలో పెట్టకండి.

రెండు, తోడుగా వెళ్ళండి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పది ఎనిమిది సంవత్సరాలు పడియున్న మనిషి ప్రభువుతో చెప్పుకున్న బాధ ఏమిటి? తనను నీటిలో దింపడానికి మనిషి లేడని. మన వృద్ధులలో ఎంతమంది ఒంటరిగా ఆసుపత్రికి వెళ్తున్నారు? చీటీ చదువలేక, డాక్టరు చెప్పినది అర్థము కాక, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియక మళ్ళీ వెళ్తున్నారు. యౌవనస్థులారా, నెలకు ఒక్కరోజు ఒక అవ్వతోనో ఒక తాతతోనో వెళ్ళండి.

మూడు, ఇంటికి వెళ్ళి పలకరించండి. ఆ ఇంటిలో దెబ్బలు ఉన్నాయా, త్రాగుడు ఉందా, పస్తులు ఉన్నాయా? పస్తులున్న ఇంటికి టానిక్కు సీసా కంటే బియ్యపు సంచి ముందు అవసరము. దెబ్బలు తినే సహోదరికి ఓర్చుకో అని మాత్రమే చెప్పి రాకండి. స్త్రీల సహాయము కొరకు 181 నంబరు ఉన్నదని చెప్పండి, అవసరమైతే మీరే ఫోను చేసి ఇవ్వండి.

నాలుగు, మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎం అమ్మను గౌరవించండి. ఎండనక వాననక తిరిగేవారు వారు. వారి కొరకు మీ ఆరాధనలో పేరు పెట్టి ప్రార్థన చేయండి.

ఇప్పుడు చివరిగా, తరచుగా ఆసుపత్రికి వెళ్ళే తల్లీ, తండ్రీ, ఈ మాట నీకే. ఎవరు నవ్వినా నీవు సిగ్గుపడనక్కరలేదు. అయితే కొన్ని సంగతులు జ్ఞాపకము పెట్టుకో. వారమునకు ఒక డాక్టరును మార్చకు. ఒకే డాక్టరు దగ్గరకు వెళితే నీ సంగతి ఆయనకు తెలుస్తుంది. పాత చీటీలు వరుసగా పెట్టుకొని తీసుకువెళ్ళు. సూది వేయమని, సెలైన్ ఎక్కించమని నీవే అడుగవద్దు. అవసరము లేని సూది వలన బలము రాదు, డబ్బు పోతుంది, ఒక్కొక్కసారి కొత్త జబ్బు వస్తుంది. వాడుతున్న మాత్రలను డాక్టరుతో చెప్పకుండా మానవద్దు. అన్నిటికంటే ముఖ్యముగా, ఒళ్ళు నొప్పితోపాటు మనస్సు నొప్పి కూడా చెప్పు. "అయ్యా, నా కొడుకు పోయినప్పటినుండి నాకు ఇలా ఉంది" అనే ఒక్క మాట పది పరీక్షలు చూపించలేని దారి చూపిస్తుంది. బ్రతకాలని లేదు అనే తలంపు నీకు వస్తుంటే దాచుకోకు. 2022 నుండి ప్రభుత్వము నడుపుతున్న టెలి మానస్ అనే సేవ ఉంది. 14416 నంబరుకు పగలైనా రాత్రియైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులోనే మాటలాడవచ్చు.

ఎవరూ వినకపోయినా వినే ప్రభువు ఒకడున్నాడు. లూకా పద్దెనిమిదవ అధ్యాయములో ఒక విధవరాలు న్యాయాధిపతి దగ్గరకు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆ న్యాయాధిపతి విసుగుకున్నాడు. మన దేవుడు ఆ న్యాయాధిపతివంటివాడు కాడని చెప్పడానికే ప్రభువు ఆ ఉపమానము చెప్పాడు. ఆయన సన్నిధికి నీవు వందోసారి వచ్చినా "మళ్ళీ వచ్చావా?" అని ముఖము చిట్లించుకోడు. రావడము ఎందుకు మానావని మాత్రము అడుగుతాడు.

ప్రార్థన చేసుకుందాము.

పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినము నీ వాక్యము కొరకు స్తోత్రములు. రోగముతోను, పేరు తెలియని బాధతోను ఉన్న నీ బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారి రోగమును డాక్టర్లు గుర్తించునట్లు జ్ఞానము దయచేయుము. జనము ఒత్తిడిలో అలసిపోయిన వైద్యులకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు బలము, ఓర్పు అనుగ్రహించుము. మా సంఘములలో వినే చెవులు పుట్టించుము. మందు వేసుకొనువారిని నిందించిన నోళ్ళను మార్చుము. మనిషి లేడని ఏడ్చువారికి మమ్మును మనుష్యులుగా పంపుము. యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రియ శ్రోతలారా, ఈ వారము మీ వీధిలో ఒక్కరి ఇంటికి వెళ్ళి, తొందర లేకుండా ఒక అరగంట కూర్చోండి. తిరిగి వచ్చే భాగములో కలుసుకునేంతవరకు ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.